హైదరాబాద్‌లో వాడిన లగ్జరీ సెడాన్ కొనడం: డబ్బు లెక్క నుంచి ఆర్సీ బదిలీ వరకు

మెర్సిడెస్-బెంజ్ సంస్థ పొడవైన వీల్‌బేస్ (ముందు, వెనుక చక్రాల మధ్య దూరం) ఉన్న ఈ-క్లాస్ సెడాన్‌ను 2017 ఫిబ్రవరిలో మన దేశంలో విడుదల చేసింది. స్టీరింగ్ కుడివైపున ఉండే దేశాల్లో ఆ పొడవైన ఈ-క్లాస్ తొలిసారి వచ్చింది మన దగ్గరికే. ఆ ఏడాది జూన్‌లో వచ్చిన డీజిల్ రకం, ఈ 220డి, షోరూమ్ ధర సుమారు రూ.57 లక్షలు. అదే కారు ఇవాళ మాదాపూర్‌లోనో జూబ్లీహిల్స్‌లోనో పాత కార్ల షోరూమ్ ముందు ఇంచుమించు సగం ధరకు కనిపిస్తుంది. వెనుక సీటు వాలుతుంది, పైకప్పు అద్దం తెరుచుకుంటుంది, తలుపుల లోపలి దీపాలు కోరిన రంగులోకి మారతాయి. కొత్త ఇన్నోవా కొనే డబ్బుకు ఇదంతా దొరుకుతుంటే ఎవరికైనా మనసు లాగుతుంది.

అయితే కారు ధర సగమైనంత మాత్రాన దాని విడిభాగాల ధర సగం కాదు. హెడ్‌ల్యాంపు పగిలినా, ఎయిర్ సస్పెన్షన్‌లో (స్టీలు స్ప్రింగుల బదులు గాలితో కారును మోసే ఏర్పాటు) గాలి కారినా, గేర్‌బాక్స్ మొరాయించినా బిల్లు మాత్రం రూ.57 లక్షల కారు స్థాయిలోనే వస్తుంది. అందుచేత వాడిన లగ్జరీ కారు కొనేవారు ముందుగా చూడవలసింది కారులో ఎన్ని సదుపాయాలు ఉన్నాయన్నది కాదు, వాటిలో ఎన్ని సరిగ్గా పనిచేస్తున్నాయన్నదీ, ఇంతకాలం ఆ కారును ఎవరు ఎలా చూసుకున్నారన్నదీ. ఈ వ్యాసంలోని దశలన్నీ ఆ రెండు విషయాలను తేల్చుకోవడానికే. ఉదాహరణగా ఎక్కువ చోట్ల ఈ-క్లాస్‌నే తీసుకున్నాను. పద్ధతి బీఎండబ్ల్యూ 5 సిరీస్‌కైనా, ఆడీ ఏ6కైనా, వోల్వో ఎస్90కైనా ఒకటే.

మొదటి దశ: డబ్బును రెండు భాగాలు చేయండి

చేతిలో రూ.30 లక్షలు ఉంటే రూ.30 లక్షల కారు చూడకండి. రూ.25 లక్షల కారు చూసి, మిగతా రూ.5 లక్షలను రెండుగా విడదీయండి. ఒక భాగం ఆర్సీ బదిలీకి, ఇన్సూరెన్స్‌కు, కొన్న వెంటనే చేయించే సర్వీసుకు, అవసరమైతే నాలుగు టైర్లకు సరిపోతుంది. రెండో భాగం మొదటి ఏడాదిలో అనుకోకుండా వచ్చే మరమ్మతు కోసం బ్యాంకులోనే ఉండాలి. ఈ రెండో భాగం లేకుండా కారు కొన్నవారు మొదటి పెద్ద బిల్లు రాగానే దాన్ని వాయిదా వేస్తారు. ఈ తరగతి కార్లలో వాయిదా వేసిన చిన్న మరమ్మతు ఆరు నెలల్లో పెద్ద మరమ్మతుగా మారడం చాలాసార్లు చూశాను. గేర్‌బాక్స్ నుంచి నూనె కారుతున్నప్పుడు సీల్ మార్పిస్తే వేలల్లో పోతుంది. నూనె అయిపోయేదాకా నడిపితే లక్షల్లో పోతుంది.

అప్పు తీసుకునేవారు ఇంకో సంగతి గమనించాలి. వాడిన కార్లకు బ్యాంకులు తీసుకునే వడ్డీ కొత్త కార్ల వడ్డీ కంటే ఎక్కువ, గడువు తక్కువ. పైగా కారు వయసు పెరిగే కొద్దీ అప్పు ఇవ్వడానికి వెనుకాడతాయి. అందువల్ల కారు ఎంచుకోకముందే బ్యాంకుతో మాట్లాడుకోవడం మంచిది.

రెండో దశ: మోడల్ కంటే ముందు ఇంజిన్‌ను ఎంచుకోండి

రోజుకు ఎన్ని కిలోమీటర్లు, ఎలాంటి దారిలో తిరుగుతారో నిజాయితీగా లెక్క వేసుకోండి. బంజారాహిల్స్ నుంచి హైటెక్ సిటీకి రోజూ ట్రాఫిక్‌లో పది కిలోమీటర్లు వెళ్ళివచ్చేవారికి బీఎస్6 కాలుష్య ప్రమాణాల డీజిల్ కారు తగదు. 2020 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఆ ప్రమాణాల కోసం డీజిల్ కార్ల పొగగొట్టంలో మసిని పట్టి ఉంచే ఫిల్టర్ అమర్చారు. ఇంజిన్ బాగా వేడెక్కి, హైవే వేగంతో కొంతసేపు నడిస్తేనే ఆ మసి కాలిపోతుంది. చిన్న చిన్న ప్రయాణాలు మాత్రమే చేస్తే అది మూసుకుపోతుంది, మార్చాలంటే భారీ ఖర్చు. మెర్సిడెస్ బీఎస్6 డీజిల్ కార్లలో పొగలోని హానికర వాయువులను తగ్గించే యాడ్‌బ్లూ ద్రవానికి ప్రత్యేక ట్యాంకు కూడా ఉంటుంది. అది ఖాళీ అయిన కారు ఒకసారి ఆగితే మళ్ళీ స్టార్ట్ కాదు. విజయవాడకో కర్నూలుకో వారం వారం వెళ్ళివచ్చేవారికి మాత్రం డీజిల్ ఎంతో అనుకూలం. ఈ 220డిలోని 2 లీటర్ల ఇంజిన్ 194 హార్స్‌పవర్ ఇస్తూ, హైవే మీద అలసట తెలియనివ్వదు.

బీఎండబ్ల్యూలో జీ30 తరం 5 సిరీస్ 2017 జూన్‌లో వచ్చింది. దానికి ముందున్న ఎఫ్10 తరంలో, ముఖ్యంగా పాత 520డి కార్లలో ఉన్న ఎన్47 ఇంజిన్‌కు టైమింగ్ చైన్ (ఇంజిన్ లోపలి భాగాలను ఒకే లయలో తిప్పే గొలుసు) గేర్‌బాక్స్ వైపున ఉంటుంది. ఆ చైన్ అరిగి తెగిన సందర్భాలు ప్రపంచమంతటా నమోదయ్యాయి. దాన్ని మార్చాలంటే గేర్‌బాక్స్‌నో ఇంజిన్‌నో దించవలసి వస్తుంది. ధర తక్కువగా ఉందని అలాంటి కారు తీసుకోవాలనుకుంటే, చైన్ మార్చిన బిల్లు చూపించమనండి. ఆడీ విషయానికి వస్తే, 2019 అక్టోబరులో వచ్చిన కొత్త ఏ6 మన దేశంలో పెట్రోల్‌తో మాత్రమే అమ్ముడైంది. నగరంలో తిరిగేవారికి అది చక్కని ఎంపిక.

కొత్త తరాల రాక కూడా మీకు అనుకూలించేదే. కొత్త 5 సిరీస్ 2024 జులైలోనూ, కొత్త ఈ-క్లాస్ అదే ఏడాది అక్టోబరులోనూ వచ్చాయి కనుక వాటి ముందు తరాలు బజారులోకి ఎక్కువగా వస్తున్నాయి. బేరంలో ఈ మాట మరచిపోవద్దు.

మూడో దశ: ఎవరి దగ్గర కొనాలి

మూడు దారులు ఉన్నాయి. కంపెనీలు స్వయంగా నడిపే వాడిన కార్ల విభాగాల్లో, అంటే మెర్సిడెస్-బెంజ్ సర్టిఫైడ్, బీఎండబ్ల్యూ ప్రీమియం సెలెక్షన్, ఆడీ అప్రూవ్డ్ ప్లస్ వంటివాటిలో, ధర ఎక్కువగా ఉంటుంది కానీ తనిఖీ, వారంటీ ఉంటాయి. మొదటిసారి ఈ తరగతి కారు కొనేవారికి ఆ అదనపు ధర వృథా కాదని నా అభిప్రాయం. వారంటీ పత్రంలో ఎయిర్ సస్పెన్షన్, ఎలక్ట్రానిక్ భాగాలు, గేర్‌బాక్స్ చేర్చారో లేదో మాత్రం స్వయంగా చదవండి.

రెండోది బయటి డీలర్లు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న కేంద్ర నిబంధనల ప్రకారం వాడిన వాహనాల డీలరు రవాణా శాఖ నుంచి అధికార పత్రం పొందాలి. యజమాని తన బండిని డీలరుకు అప్పగించిన సంగతిని కూడా ఆ శాఖకు తెలియజేయాలి. ఆ పత్రం అడిగితే మొహం చిట్లించే డీలరు దగ్గర ఎక్కువసేపు ఉండనవసరం లేదు. మూడోది నేరుగా యజమాని దగ్గర కొనడం. ధర పరంగా ఇదే మేలు, పైగా యజమానితో అరగంట కూర్చుంటే కారు గురించి ఏ స్కానరూ చెప్పని విషయాలు తెలుస్తాయి: కారును ఎక్కడ నిలుపుతారు, డ్రైవరు ఎవరు, ఏ పెట్రోల్ బంకులో పోయిస్తారు, ఎందుకు అమ్ముతున్నారు.

నాలుగో దశ: కారు చూడకముందే కాగితాలు చూడండి

ఇది చాలామంది చివరకు వదిలేసే పని. కారు మీద మనసు పడ్డాక కాగితాల్లోని లోపాలు చిన్నవిగా కనిపిస్తాయి. అందుకే ముందు నంబరు తీసుకుని ఎంపరివాహన్ యాప్‌లో గానీ వాహన్ వెబ్‌సైటులో గానీ వివరాలు చూడండి. రిజిస్ట్రేషన్ తేదీ, ఎన్నో యజమాని, ఇంధనం, ఏ బీఎస్ ప్రమాణం, ఇన్సూరెన్స్ గడువు, బ్యాంకు అప్పు, బ్లాక్‌లిస్టులో ఉందా లేదా అన్నవి అక్కడ తెలుస్తాయి. ఆర్సీ మీద ఉన్న 17 అక్షరాల ఛాసిస్ నంబరు, ముందు అద్దం కింద కనిపించే నంబరు, బాడీ మీద చెక్కిన నంబరు మూడూ ఒకటేనా చూడండి. జాతీయ నేర రికార్డుల బ్యూరో నడిపే వాహన్ సమన్వయ్ సేవలో ఆ బండి దొంగతనం కేసులో ఉందేమో చూసుకోవచ్చు. ట్రాఫిక్ చలాన్లు తెలంగాణ పోలీసుల ఈ-చలాన్ సైటులో కనిపిస్తాయి. బకాయి ఉంటే అమ్మేవారే కట్టాలి. చలాన్లు కూడా ఒక రకమైన చరిత్రే. అతివేగం చలాన్లు ముప్పై ఉన్న కారును ఎలా నడిపి ఉంటారో ఊహించడం కష్టం కాదు.

బ్యాంకు అప్పు ఉన్నట్టు ఆర్సీలో రాసి ఉంటే, అప్పు తీరిందని బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఆర్సీలో బ్యాంకు పేరు తీయించడానికి వాడే ఫారం 35 రెండు ప్రతులు కావాలి. "అప్పు ఎప్పుడో తీరిపోయిందండీ, పేరు తీయించడం మరచిపోయాం" అన్న మాట మీద డబ్బు ఇవ్వవద్దు. కంపెనీ పేరు మీద ఉన్న కారైతే అమ్మకానికి అనుమతిస్తూ బోర్డు చేసిన తీర్మానం, కంపెనీ లెటర్‌హెడ్ మీద ఇన్వాయిస్ అడగండి.

ఇతర రాష్ట్రాల కార్ల విషయంలో ప్రత్యేక జాగ్రత్త కావాలి. ఢిల్లీ ప్రాంతంలో 10 ఏళ్ళు దాటిన డీజిల్ కార్ల మీద 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్, 2018లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల తర్వాత అక్కడి డీజిల్ లగ్జరీ కార్లు దక్షిణాదికి చవకగా తరలి రావడం మొదలైంది. చవక నిజమే, కానీ ఆ ధరకు ఇక్కడి లైఫ్ ట్యాక్స్ కలపాలి. మోటారు వాహనాల చట్టం ప్రకారం వేరే రాష్ట్రపు బండిని 12 నెలలకు మించి ఇక్కడ ఉంచితే కొత్త నంబరు తీసుకోవాలి. ఆ సమయంలో కారు అసలు ధర, వయసు ఆధారంగా లైఫ్ ట్యాక్స్ కట్టాలి. లగ్జరీ కారుకు ఆ మొత్తం లక్షల్లోనే ఉంటుంది. పాత రాష్ట్రంలో కట్టిన పన్నులో కొంత వాపసు వస్తుందన్నది నిజమే అయినా, అది వచ్చేదాకా దాన్ని లెక్కలో వేసుకోకండి. పుదుచ్చేరి నంబరుతో ఇక్కడే ఏళ్ళుగా తిరుగుతున్న కార్లు కూడా అమ్మకానికి వస్తుంటాయి. పన్ను తక్కువని అక్కడ రిజిస్టరు చేయించి ఇక్కడ నడిపిన కారుకు ఎగవేసిన పన్ను, జరిమానా చివరకు మీ నెత్తిన పడతాయి. అలాంటివాటిని వదిలేయడమే నా సలహా.

ఇన్సూరెన్స్ పాలసీ పత్రంలో ఒక్క అంకె ఎంతో చెబుతుంది. అది నో క్లెయిమ్ బోనస్ శాతం. క్లెయిమ్ లేకుండా ఏళ్ళు గడిచే కొద్దీ అది 20, 25, 35, 45, 50 శాతంగా పెరుగుతుంది. ఒకే యజమాని దగ్గర ఆరేళ్ళుగా ఉన్న కారుకు బోనస్ సున్నా ఉందంటే, కిందటి ఏడాది ఏదో క్లెయిమ్ జరిగి ఉండవచ్చు. అది బంపరు గీతో, పెద్ద ప్రమాదమో అడిగి తెలుసుకోవాలి.

ఐదో దశ: సర్వీస్ చరిత్ర

ఈ బ్రాండ్ల కార్లకు చేసిన సర్వీసులు కంపెనీ కంప్యూటర్లలో ఛాసిస్ నంబరు మీద నమోదవుతాయి. యజమానిని వెంటబెట్టుకుని సర్వీస్ సెంటరుకు వెళ్తే ఆ చిట్టా చూడవచ్చు. తేదీ, కిలోమీటర్లు, చేసిన పని, మార్చిన భాగాలు వరుసగా చదవండి.

నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. కొన్నేళ్ళ కిందట ఒక బయటి డీలరు దగ్గర 5 సిరీస్ ఒకటి చూశాను. మీటరులో 42 వేల కిలోమీటర్లు, లోపల తోలు సీట్లు కొత్తవాటిలా ఉన్నాయి. టోకెన్ ఇవ్వడానికి సిద్ధపడి, చివరి నిమిషంలో సర్వీస్ చిట్టా తెప్పించుకున్నాను. రెండేళ్ళ ముందే అదే కారు 78 వేల కిలోమీటర్ల దగ్గర సర్వీసుకు వచ్చినట్టు అందులో ఉంది. సీట్లు కొత్తగా కుట్టించినవని ఆ తర్వాత అర్థమైంది. ఆ రోజు నుంచి చిట్టా చూడని కారుకు నేను ఒక్క రూపాయి అడ్వాన్స్ ఇవ్వలేదు.

కిలోమీటర్లు ఎక్కువ ఉండడం తప్పు కాదు. హైవే మీద 90 వేల కిలోమీటర్లు తిరిగి, ప్రతి సర్వీసూ సమయానికి చేయించుకున్న కారు, ఏడేళ్ళలో 25 వేలే తిరిగి సెల్లార్‌లో దుమ్ముపట్టిన కారు కంటే మంచిది. నిలిచిపోయిన కారులో బ్యాటరీ చస్తుంది, రబ్బరు సీళ్ళు ఎండుతాయి, టైర్లు గట్టిపడతాయి. చిట్టాలో గేర్‌బాక్స్ నూనె మార్చిన దాఖలా వెతకండి. బీఎండబ్ల్యూలో వాడే 8 గేర్ల గేర్‌బాక్స్ తయారుచేసే జడ్ఎఫ్ సంస్థే 80 వేల నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య నూనె మార్చమని సూచిస్తుంది. జీవితకాలం సరిపోతుందనే మాట విని మార్చకుండా వదిలేసిన కార్లు చాలా ఉన్నాయి.

ఆరో దశ: ప్రమాదం, వరద

కారును పగటి వెలుగులో, కడిగి ఆరిన తర్వాత చూడండి. తలుపులకు, బోనెట్‌కు మధ్య సందులు రెండు వైపులా సమానంగా ఉన్నాయా, బోనెట్ బోల్టుల మీద స్పానర్ గీతలు ఉన్నాయా చూడండి. పెయింట్ మందం కొలిచే చిన్న పరికరం ఉన్న మెకానిక్‌ను వెంట తీసుకెళ్ళడం మంచిది. కంపెనీ పెయింట్ సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల చుట్టుపక్కల ఉంటుంది. ఒక తలుపు మీద 250 చూపిస్తే మళ్ళీ పెయింట్ వేశారన్నమాట. హైదరాబాద్ ట్రాఫిక్‌లో అది సహజం. వెయ్యి దాటితే లోపల పుట్టీ ఉంది, అంటే సొట్ట పెద్దది. అది తలుపు మీద కాక పైకప్పు స్తంభాల మీద, ఛాసిస్ పట్టీల మీద కనిపిస్తే కారు వదిలేయండి. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి కొన్ని క్షణాల తర్వాత ఆరిపోవాలి. అసలు వెలగకపోతే, పేలిన ఎయిర్‌బ్యాగులు మార్చకుండా దీపాన్ని దాచిపెట్టి ఉండవచ్చు.

వరద ప్రమాదం మన దగ్గర ఊహాజనితం కాదు. 2015 డిసెంబరులో చెన్నై, 2020 అక్టోబరులో హైదరాబాద్, 2022 సెప్టెంబరులో బెంగళూరు, 2023 డిసెంబరులో మళ్ళీ చెన్నై, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగాయి. ఖరీదైన విల్లాల్లో, సెల్లార్లలో నిలిపిన కార్లు సీట్ల దాకా నీళ్ళలో ఉండిపోయాయి. అలాంటి కార్లను శుభ్రం చేసి, వేరే నగరానికి పంపి అమ్మడం ఈ వ్యాపారంలో ఉన్నదే. లగ్జరీ కార్లలో ఎలక్ట్రానిక్ కంట్రోల్ యూనిట్లు చాలావరకు తివాచీల కిందా, డిక్కీ అడుగునా ఉంటాయి. నీళ్ళు తగిలిన యూనిట్ వెంటనే చెడిపోదు. తుప్పు పట్టి ఏడాది తర్వాత ఒక్కొక్కటిగా మొరాయిస్తుంది. అప్పటికి అమ్మినవారి ఫోను పనిచేయదు.

అందుచేత సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి. అడుగు భాగంలో బురద చార ఉంటే దాచలేరు. ముందు సీట్ల పట్టాల మీద, సీటు కింద బోల్టుల మీద తుప్పు వెతకండి. డిక్కీ అడుగున పలక ఎత్తి మూలల్లో చేయి పెట్టి చూడండి. డాష్‌బోర్డు అడుగున ఫ్యూజుల పెట్టెలో మట్టి రేణువులు ఉన్నాయా చూడండి. ఏసీ ఆపేసి, అద్దాలు మూసి, ఎండలో పది నిమిషాలు ఉంచిన తర్వాత తలుపు తెరిస్తే తడి గోనెపట్టా వాసన వస్తే అనుమానించండి. లోపల ఘాటైన సెంటు కొట్టి ఉన్నా అనుమానించండి. కారు ఏ నగరంలో ఏ నెలల్లో ఉందో సర్వీస్ చిట్టాతో పోల్చి చూడడం అన్నిటికంటే బలమైన పరీక్ష.

ఏడో దశ: ప్రీమియం సదుపాయాలను ఒక్కొక్కటిగా పరీక్షించండి

ముందు ఆ కారు ఏ సదుపాయాలతో తయారైందో తెలుసుకోండి. మెర్సిడెస్, బీఎండబ్ల్యూ కార్లకు ఛాసిస్ నంబరు ఆధారంగా తయారీ సమయంలో అమర్చినవాటి పట్టిక దొరుకుతుంది. ప్రకటనలో "టాప్ మోడల్" అని రాసిన కారు ఆ పట్టికలో మధ్య రకంగా తేలవచ్చు. బయట అమర్చిన తెరలు, దీపాలు, కెమెరాలు కంపెనీ పట్టికలో ఉండవు. వాటి కోసం వైరింగ్ కోసి ఉంటే మరమ్మతుల సమయంలో తలనొప్పి తప్పదు.

ఆ తర్వాత గంటసేపు కూర్చుని ప్రతి మీటనూ నొక్కండి. ఎయిర్ సస్పెన్షన్ ఉన్న కారైతే, ఈ 350డి వంటివాటిలో, రాత్రంతా నిలిపి ఉంచిన కారును ఉదయాన్నే చూడడం ముఖ్యం. ఒక మూల కిందకు దిగి ఉంటే ఎయిర్ స్ప్రింగ్ కారుతోందన్నమాట. స్టార్ట్ చేశాక కంప్రెసర్ చాలాసేపు గీపెడుతూ పనిచేస్తే, కారిన గాలిని నింపలేక అది కూడా అరిగిపోతోందన్నమాట. సాధారణ స్టీలు స్ప్రింగులున్న రకాన్ని ఎంచుకుంటే ఈ బెంగ ఉండదు. మన రోడ్లకు, స్పీడు బ్రేకర్లకు స్టీలు స్ప్రింగులే నయమని నాకు అనిపిస్తుంది.

పైకప్పు అద్దం అంచుల్లో నీళ్ళు బయటికి పోయే సన్నని గొట్టాలు ఉంటాయి. వాటిలో ఆకులు, దుమ్ము నిండితే నీరు తివాచీల కిందకు చేరుతుంది. యజమాని ఒప్పుకుంటే అద్దం తెరిచి అంచున ఒక గ్లాసుడు నీళ్ళు పోసి, అవి చక్రాల దగ్గర కారుతున్నాయో లేదో చూడండి. అద్దం తెరుచుకునేటప్పుడు గరగర శబ్దం రాకూడదు. హెడ్‌ల్యాంపుల లోపల తేమ ఉందా చూడండి. ఎల్ఈడీ హెడ్‌ల్యాంపు ఒక్కదాని ధర లక్ష రూపాయలు దాటడం ఈ కార్లలో మామూలు. సీట్ల చల్లదనం, మర్దన, మెమరీ, వెనుక సీటు వాలడం, వెనుక తెరలు, నాలుగు వైపుల కెమెరాలు, ముందు అద్దం మీద వేగం చూపే డిస్‌ప్లే, తలుపు మెల్లగా దగ్గరకు లాగే మోటారు, ప్రతి స్పీకరు వేర్వేరుగా, ఏసీ ముందు వెనుక భాగాల్లో మధ్యాహ్నపు ఎండలో, అన్నీ చూడండి. తాళాలు రెండూ అడగండి. రెండో తాళం పోతే ఛాసిస్ నంబరు మీద కొత్తది తెప్పించుకోవాలి. అది చవక కాదు.

పనిచేయని ప్రతి సదుపాయానికి సర్వీస్ సెంటరులో మరమ్మతు ధర అడిగి రాసుకోండి. ఆ కాగితమే బేరంలో మీ బలం.

ఎనిమిదో దశ: స్కానింగ్, నడిపి చూడడం

బ్రాండుకు తగిన స్కానర్‌తో, అంటే మెర్సిడెస్‌కు జెంట్రీ, బీఎండబ్ల్యూకు ఇస్టా, ఆడీకి ఓడిస్‌తో, కారు మొత్తాన్ని చదివించండి. బజారులో దొరికే చిన్న ఓబీడీ పరికరం ఇంజిన్ లోపాలను మాత్రమే చూపిస్తుంది. కంపెనీ స్కానర్ అయితే గేర్‌బాక్స్, బ్రేకులు, ఎయిర్‌బ్యాగులు, తలుపుల యూనిట్ల దాకా చదువుతుంది. కిలోమీటర్ల సంఖ్య ఒక్క మీటరులోనే కాక మరికొన్ని యూనిట్లలోనూ నమోదై ఉంటుంది. వాటి మధ్య తేడా వస్తే మీటరు వెనక్కి తిప్పారని తెలిసిపోతుంది. లోపాలన్నీ ఆ ఉదయమే చెరిపేసినట్టు కనిపిస్తే, వంద కిలోమీటర్లు నడిపి మళ్ళీ చదివించమనండి. బ్యాటరీ బలహీనంగా ఉంటే లేని లోపాలు కూడా చూపిస్తుంది కనుక, ముందు దాన్ని పరీక్షించాలి.

నడిపి చూసే రోజు ఇంజిన్ చల్లగా ఉండాలి. బోనెట్ మీద చేయి వేసి చూడండి; అప్పటికే వేడిగా ఉంటే మరో రోజు రండి. స్టార్ట్ చేసిన మొదటి పది సెకన్లలో వచ్చే లోహపు గలగల, నీలం పొగ ఆ తర్వాత వినిపించవు, కనిపించవు. ముందు జూబ్లీహిల్స్ ఎత్తుపల్లాల గల్లీల్లో నెమ్మదిగా నడిపి, స్పీడు బ్రేకర్ల మీద టకటక శబ్దాలు వినండి. పొడవైన వీల్‌బేస్ కార్లకు అడుగు భాగం తగిలే అలవాటు ఉంటుంది కనుక లిఫ్ట్ మీదకు ఎక్కించి కింద కూడా చూడాలి. తర్వాత ఔటర్ రింగ్ రోడ్డు మీద వంద కిలోమీటర్ల వేగంతో కొంతదూరం వెళ్ళండి. స్టీరింగ్ వణికిందా, బ్రేకు వేస్తే ఒకవైపు లాగిందా, గేర్లు మారుతున్నప్పుడు కుదుపు ఉందా గమనించండి. టైరు పక్కన ఉండే నాలుగు అంకెల్లో మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. ఆరేళ్ళు దాటిన టైర్లకు గాడి ఎంత ఉన్నా మార్చే ఖర్చు లెక్కలో వేసుకోండి.

తొమ్మిదో దశ: బేరం

2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద కార్ల మీద జీఎస్టీ 40 శాతంగా మారి, విడిగా వేసే సెస్ పోయింది. అంతకుముందు పన్ను, సెస్ కలిపితే అంతకంటే ఎక్కువే ఉండేది. అందువల్ల కొత్త లగ్జరీ కార్ల ధరలు తగ్గాయి. అమ్మేవారు తాము అప్పట్లో ఎంత పెట్టి కొన్నారో చెబుతారు. మీరు మాత్రం ఇవాళ్టి కొత్త కారు ధర నుంచి లెక్క మొదలుపెట్టండి. దాని మీద వయసు, కిలోమీటర్లు, ఎన్నో యజమాని అన్నవి చూసి, మీరు రాసుకున్న మరమ్మతుల మొత్తం తీసేయండి. ఫ్యాన్సీ నంబరుకు అదనంగా అడిగితే, అది మీకు అవసరమో కాదో మీరే తేల్చుకోండి. కారు నడకకు దానితో సంబంధం లేదు. డీలరు దగ్గర కొంటే, జీఎస్టీ ఆయన లాభం మీద 18 శాతం మాత్రమేనని గుర్తుంచుకోండి. ఇద్దరు వ్యక్తుల మధ్య అమ్మకానికి జీఎస్టీ లేదు.

పదో దశ: చెల్లింపు, బదిలీ

మొత్తం డబ్బు బ్యాంకు ద్వారానే ఇవ్వండి. ఒకే లావాదేవీలో రూ.2 లక్షలు, అంతకు మించి నగదు తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధిస్తుంది. రూ.10 లక్షలు దాటిన కారుకు డీలరు 1 శాతం పన్ను వసూలు చేసి మీ పాన్ మీద జమ చేయాలి. రిటర్ను వేసేటప్పుడు అది మీ పన్నులో సర్దుబాటవుతుంది.

అమ్మకపు ఒప్పందంలో తేదీతో పాటు కారు అప్పగించిన గంట కూడా రాయించండి. ఆ గంటకు ముందు జరిగిన ప్రమాదాలకు, చలాన్లకు అమ్మినవారిది బాధ్యత. ఫారం 29, ఫారం 30 మీద ఇద్దరి సంతకాలు, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, ఆర్సీ, గుర్తింపు పత్రాలతో బదిలీకి దరఖాస్తు చేయండి. చట్టం ప్రకారం అదే రాష్ట్రంలోనైతే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలి. వేరే రాష్ట్రపు కారైతే ఫారం 28 ద్వారా అక్కడి ఎన్‌ఓసీ కూడా కావాలి. అది చేతికి రానిదే పూర్తి డబ్బు ఇవ్వకండి. కొంత మొత్తం ఆపుకోవడానికి అమ్మేవారిని ముందే ఒప్పించండి.

ఇన్సూరెన్స్ విషయంలో చాలామంది పొరబడతారు. మూడో వ్యక్తికి జరిగిన నష్టానికి సంబంధించిన రక్షణ బదిలీతో పాటు మీకు వస్తుంది. మీ కారుకు జరిగే నష్టానికి మాత్రం 14 రోజుల్లో పాలసీని మీ పేరు మీదకు మార్పించుకోకపోతే క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది. అమ్మినవారి నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు. మీ పాత కారు బోనస్ ఉంటే దాన్ని వాడుకోవచ్చు. తరుగు మినహాయించని కవరు, ఇంజిన్‌లోకి నీళ్ళు పోయినప్పుడు పనికివచ్చే కవరు రెండూ తీసుకోండి. వానాకాలంలో హైదరాబాద్ రోడ్ల మీద తిరిగే లగ్జరీ కారుకు రెండోది తప్పనిసరి అని నా నమ్మకం.

మొదటి నెలలో

ఇంజిన్ నూనె, గేర్‌బాక్స్ నూనె, బ్రేకు ద్రవం, కూలెంట్, అన్ని ఫిల్టర్లు మార్పించి, మీ లెక్కను సున్నా నుంచి మొదలుపెట్టండి. బీఎండబ్ల్యూలో బ్యాటరీ మార్చితే కొత్తది కారు కంప్యూటరులో నమోదు చేయించాలి. ఆ పని మరచిపోయే గ్యారేజీలు ఉన్నాయి. పాత యజమాని ఫోనుతో కలిపి ఉన్న కంపెనీ యాప్ ఖాతాను తొలగించమని అడగండి, లేకపోతే మీ కారు ఎక్కడుందో ఆయన ఫోనులో కనిపిస్తూనే ఉంటుంది. ఆ తర్వాత ఒక నోటు పుస్తకం కొని, పోయించిన ప్రతి లీటరు ఇంధనం, చేయించిన ప్రతి పని, కిలోమీటర్లతో సహా రాయడం ప్రారంభించండి. కొన్నేళ్ళ తర్వాత మీరు ఆ కారు అమ్మే రోజున కొనేవారు మొదట అడగవలసింది ఆ పుస్తకాన్నే.